ప్రొద్దుటూరులో రెండు సముద్రపు చేపలు

ఆ గాజు తొట్టి ఇంట్లోకి వచ్చేనాటికి నాకు ముప్పై దాటాయి. అప్పటికి నేను సముద్రం చూడలేదు. మా వైపు నీళ్ళంటే పెన్నలో ఇసుక తోడితే ఊరే చెలమ నీళ్ళు, బావి నీళ్ళు, లేదంటే బోరు నీళ్ళు. సముద్రం ఎక్కడుంటుందని ఎవరైనా అడిగితే మద్రాసులో అని చెప్పేదాన్ని, మద్రాసు ఒక పెద్ద ఇల్లయినట్టూ సముద్రం దాని పెరట్లో ఉన్నట్టూ.

ఆ ఇల్లు ప్రొద్దుటూరులో, బంగారు అంగళ్ళ బజారుకు నాలుగు వీధుల అవతల ఉండేది. యజమాని జమ్మలమడుగు పక్క పల్లెలో పార్టీ నడిపే మనిషి. ఆ కాలంలో మా దిక్కున పార్టీ అంటే ముందు ఊళ్ళు, మనుషులు. జెండా తర్వాత వచ్చేది, అవసరమైతే మారేది కూడా. ఎదుటి పార్టీతో గొడవలు ముదిరాక ఆయన భార్యాపిల్లలను పల్లె నుంచి తెచ్చి ఈ టౌను ఇంట్లో పెట్టాడు. రెండాళ్ళ ఎత్తు గోడ, ఇనుప గేటు, గేటు దగ్గర నలుగురు కాపలా మనుషులు. నా భర్త గొర్రెలు కాసేవాడు, ఆయన పార్టీ మనిషి కూడా. ఒక గొడవలో పోయాడు. ఆ సంగతి ఇక్కడ ఇంతకంటే రాయను. నాకు పిల్లలు లేరు. తర్వాత నన్ను ఆ ఇంట్లో పనికి పెట్టుకున్నారు.

ఇంటి యజమానురాలిని అందరం అమ్మ అనేవాళ్ళం. నిజానికి నాకంటే రెండేళ్ళు చిన్నదే. పులివెందుల పక్క పల్లెలో పుట్టింది, పదో తరగతి దాకా చదివింది. నేను పనిలో చేరిన రోజు ఆమె అడిగిన మొదటి మాట, “సదువొచ్చునా నీకు?” అని.

వచ్చునన్నాను.

నాకు వచ్చిన చదువల్లా బస్సు బోర్డులు. జమ్మలమడుగు బోర్డు మీద రాత పొడుగ్గా సాగుతుంది. ప్రొద్దుటూరు బోర్డుకు మొదట్లోనే కింద ఒక వంకీ ఉంటుంది. ఆ గుర్తులతో నేను ఒక్కసారి కూడా తప్పు బస్సు ఎక్కలేదు. అది కూడా చదువే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చదువు రాదంటే పల్లెలో గొడ్ల చావిడికి పంపుతారేమో, నా భర్త పోయిన ఆ ఊరి దారిలో మళ్ళీ నడవాల్సి వస్తుందేమో అన్న భయం కూడా ఉండింది.

తొట్టి వచ్చిన కథ ఇది. యజమాని కాలికి దెబ్బ తగిలి మద్రాసు ఆసుపత్రిలో నెల రోజులు ఉన్నాడు. ఆ ఆసుపత్రి వరండాలో గాజు తొట్టిలో సముద్రపు చేపలు ఉండేవట. అమ్మ ఆ నెలంతా దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చుందట. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఏం కావాలని అడిగాడు. బంగారు బజారు ఊరిలో కాపురముండే మనిషి, ఆ చేపలు కావాలంది.

మద్రాసు నుంచి ఒక మనిషి వచ్చి రెండు రోజులుండి తొట్టిని అమర్చాడు. నడి ఇంట్లో, ఎండ తగలని మూల. అడుగున తెల్లటి ఇసుక, దాని మీద కొమ్మలు కొమ్మలుగా ఉన్న తెల్లటి రాళ్ళు.

“ఇవేందమ్మా, ఎముకల మాదిరుండాయి?” అన్నాను.

“పగడాలుమే అవి,” అంది అమ్మ.

నాకు తెలిసిన పగడం తాళిబొట్టు గొలుసులో గుచ్చే ఎర్ర పూస. ఈ రాయీ దాని చుట్టమేనని నమ్మడానికి చాలా రోజులు పట్టింది. మద్రాసు మనిషి విడమరిచి చెప్పాడు. వెచ్చటి సముద్రంలో, లోతు తక్కువ ఉన్నచోట, కంటికి ఆనని పురుగుల వంటి ప్రాణులు తమ ఒంటి చుట్టూ సున్నపు గూళ్ళు కట్టుకుంటాయట. అవి చచ్చినా గూళ్ళు ఉంటాయి, వాటి మీద కొత్తవి కట్టుకుంటాయి. అట్లా పేరుకుని కొండలంత దిబ్బలవుతాయట. ఆ పగడపు దిబ్బల సందుల్లో బతికే చేపలు ఇవి.

రెండు చేపలు. నారింజ రంగు ఒళ్ళు, దానికి అడ్డంగా మూడు తెల్ల పట్టీలు, పట్టీ అంచుకు కాటుక గీసినట్టు సన్నటి నలుపు. ఇంగ్లీషులో వాటి పేరుకు సర్కసు బఫూను అని అర్థమట. పెద్దది నా బొటనవేలి కంటే కాస్త పొడవు, చిన్నది అందులో సగం. వాటితో పాటు ఒక రాతికి అంటుకుని పువ్వులాంటిది వచ్చింది. వందల వేళ్ళు ఉన్న అరచేయి నీళ్ళలో ఊగుతున్నట్టు ఉండేది. పువ్వు కాదు, అదీ ప్రాణే, దాని వేళ్ళలో విషముంటుంది, వేరే చేప తగిలితే చస్తుంది అని ఆ మనిషి చెప్పాడు. ఈ చేపలకు మాత్రం ఒంటి మీద ఒక జిగురు ఉంటుందట, అందుకని ఏమీ కాదు. అవి ఆ వేళ్ళ మధ్య పడుకునేవి, పొర్లేవి, తలలు బయటపెట్టి మమ్మల్ని చూసేవి. తొట్టి నాలుగడుగుల పొడవున్నా పువ్వును వదిలి జానెడు దూరం పోయేవి కావు. సముద్రంలో కూడా అంతేనట. అంత నీళ్ళున్నా ఒక్క పువ్వు దగ్గరే బతుకంతా.

గేటు కాపలాలో ముసలాయన ఒకడు ఉండేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని. తుపాకి గోడకు ఆనించి, చెప్పులు గడప బయట విప్పి, లోపలికి వచ్చి తొట్టి ముందు గొంతుక్కూర్చునేవాడు.

“పెద్దది మొగుడు,” అని తేల్చాడు మొదటి రోజే. “చూడు, ఆ చిన్నదాన్ని ఎట్ల తరుముతాండాదో. పెత్తనం చూస్తే తెలీలా?”

“మీ ఇంట్ల పెత్తనం ఎవురిది మామా?” అంది అమ్మ.

“మా ఇంటి సంగతి ఈడెందుకులేమ్మా,” అని లేచి గేటు దగ్గరికి పోయాడు.

ఇప్పుడు నేను వేంపల్లెలో ఉంటున్నాను, లైబ్రరీకి నడిచిపోగలిగినంత దూరంలో. అక్కడ ఒక పుస్తకంలో చదివాను: ఈ జాతిలో పెద్దదే ఆడది. అది చస్తే పక్కన ఉన్న మగది మెల్లగా పెరిగి ఆడదవుతుంది. ఇది చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మామ ఉంటే చెప్పేదాన్ని. ఒప్పుకునేవాడు కాదు.

సముద్రపు నీళ్ళు కూడా మద్రాసు నుంచే వచ్చేవి. శెనక్కాయ నూనె తోలే లారీ డ్రైవరు తిరిగి వచ్చేటప్పుడు నీలం డ్రమ్ముల్లో నింపుకొచ్చేవాడు. పెరట్లో నాలుగు డ్రమ్ములుండేవి. అమావాస్య వస్తే పక్కింటి పూజారి భార్య చెంబు పట్టుకుని వచ్చేది. అడిగి ముంచుకుపోయి స్నానం నీళ్ళలో కలుపుకునేది. సముద్రస్నానం ఇంటికే వచ్చిందని ఆమె సంబరం.

ఆ రోజుల్లో అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది పగటిపూట కరెంటు పోవడం. తొట్టిలో గాలి బుడగలు వదిలే చిన్న మిషను ఉండేది. అది ఆగిపోతే చేపలకు ఊపిరాడదు. అందుకని చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి తొట్టిలోకే ధారగా పోస్తూ ఉండాలి. నేను చెయ్యి నొప్పి పుట్టి ఆగితే కాపలా మనుషులు వంతులు వేసుకునేవాళ్ళు. పేరు చెబితే పక్క ఊళ్ళో తలుపులు మూసుకునే మనుషులు, పంచె ఎగ్గట్టుకుని, చిన్న ఇత్తడి చెంబుతో రెండు వేలెడు చేపలకు గాలి పోసేవాళ్ళు. “యోవ్, చేప మీద పోస్తాండావు, పక్కకు పొయ్యి,” అని ఒకరినొకరు కసురుకునేవాళ్ళు. ఆ ఇంట్లో అంత నెమ్మదిగా ఉండే సమయం మరొకటి ఉండేది కాదు. కరెంటు వస్తే అందరికీ కాస్త చిన్నబోయినట్టే అయ్యేది.

రెండో ఏడు ఎండాకాలంలో ఓట్లు వచ్చాయి. ఓట్లప్పుడు ఇంటి ఆడవాళ్ళను, పిల్లలను పుట్టింటికి పంపడం ఆ ఇళ్ళలో అలవాటు. అమ్మ పిల్లలను తీసుకుని పులివెందుల వైపు పోవాల్సి వచ్చింది. ఎన్ని రోజులకు తిరిగి వస్తుందో ఆమెకే తెలియదు. పోయే ముందు తొట్టి పైన గోడకు ఒక కాగితం జిగురుతో అంటించింది.

“మేత రెండు తూర్లు, చిటికెడే. నీళ్ళు తగ్గితే పొయ్యి. అంతా కాయితంలో రాసినా, చూసుకో,” అంది.

“చూసుకుంటాలేమ్మా,” అన్నాను. కారెక్కబోతూ మళ్ళీ వెనక్కి వచ్చి తొట్టి చూసుకుని పోయింది. ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నవి ఆ రెండు చేపలే.

మా ఎండలకు తొట్టిలో నీళ్ళు రోజూ వేలెడు తగ్గేవి. అంతకుముందు పొద్దున్నే ఆ తగ్గిన నీళ్ళు అమ్మే పోసేది. ఆ వేళకు నేను వంటింట్లో ఉండేదాన్ని, ఆమె చెంబులో ఏ నీళ్ళు ఉండేవో ఎప్పుడూ చూడలేదు. నేను చూసిందల్లా వారానికోసారి పాత నీళ్ళు రెండు బకెట్లు తీసి డ్రమ్ములోని నీళ్ళు రెండు బకెట్లు పోయడం. సముద్రపు చేపకు సముద్రపు నీళ్ళు. ఇందులో కాగితం చూడాల్సిందేముంది అనుకున్నాను. రోజూ డ్రమ్ములో నుంచి ముంచి, గాజు మీద గీసిన గుర్తు వరకు నింపాను. శ్రద్ధగా, ఒక్క రోజు తప్పకుండా.

పది రోజులకు పువ్వు ముడుచుకుపోయింది. పదిహేను రోజులకు పిడికిలంత అయింది. పెద్ద చేప మేతకు రావడం మానేసింది. రాతికి ఆనుకుని మొప్పలు ఎగరేస్తూ ఉండేది. చిన్నది దాని పక్కనే. నేను కాగితం ముందు నిలబడి దాన్ని చూసేదాన్ని. పద్నాలుగు వరుసలుండేవి, అవి మాత్రం లెక్కపెట్టగలిగాను. దాని అర్థం తెలిసినవాళ్ళు గేటు దగ్గర ఉండొచ్చు. అడిగితే మాత్రం నాకు చదువు రాదని ఇల్లంతా తెలుస్తుంది. ఇవాళ చూద్దాం, రేపటికి సర్దుకుంటుందిలే అని మూడు రోజులు గడిపాను.

ఓట్ల ముందురోజు పొద్దున పెద్ద చేప తేలింది.

దాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. రంగు అప్పటికీ పోలేదు. పెరట్లో దానిమ్మ చెట్టు మొదట్లో పూడ్చిపెట్టి వచ్చి తొట్టి తుడుస్తుంటే గాజు అంచు మీద తెల్లటి పొక్కు చేతికి గరుగ్గా తగిలింది. నాలుకకు రాసుకుంటే ఉప్పు. మా పుట్టింట్లో గొర్రెల దొడ్డిలో ఒక రాతి తొట్టి ఉండేది. గొర్రెలు తాగడానికి అందులో ఉప్పునీళ్ళు పోసేవాళ్ళు. ఎండకు నీళ్ళు ఆరిపోయి అడుగున ఉప్పు గడ్డకట్టేది, దాన్ని గొర్రెలు నాకేవి. నీళ్ళు పోతాయి, ఉప్పు పోదు. ఇది నాకు ఐదేళ్ళప్పుడే తెలుసు. తెలిసి కూడా ఇరవై రోజులు ఉప్పు మీద ఉప్పు పోశాను.

అయినా రూఢిగా తెలియాలి. చిన్నది ఇంకా ప్రాణంతో ఉంది. గోడ మీది కాగితం చిరగకుండా నీళ్ళతో తడిపి ఊడదీసి గేటు దగ్గరికి పోయాను.

“మామా, ఇది చదివి చెప్పు.”

మామ కాగితం వైపు, నా వైపు చూశాడు. “నువ్వు సదువుకున్నావంటివి గదమ్మే?”

“రాదు.”

“మరి బస్సు బోర్డులు సదువుతావే?”

“రాదు మామా. పెద్ద చేప సచ్చిపోయింది. చిన్నది గూడ పోతాది. చదువు.”

ఆయన ఇక ఎగతాళి చేయలేదు. కాగితాన్ని చేతులు చాచి దూరంగా పట్టుకున్నాడు. “నేను గూడ మూడో తరగతేప్పా, నిదానంగా సదవాల,” అని మొదలుపెట్టాడు. ఒక్కొక్క అక్షరానికి వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ముందు లోపల చదువుకుని తర్వాత బయటికి చెప్పేవాడు. మేత గురించి నాలుగు వరుసలు. మిషను గురించి రెండు. ఏడో వరుసలో దొరికింది.

“త... గ్గి... న. తగ్గిన. తగ్గిన నీళ్ళకు... మంచినీళ్ళు మాత్రమే పోయాలి. సముద్రపు నీళ్ళు పోయరాదు.” ఆయన తల ఎత్తాడు. “నువ్వేం పోస్తాంటివి?”

నేను పెరట్లో డ్రమ్ముల వైపు చెయ్యి చూపించాను.

“ఈ కింద గీత గూడ గీసిందమ్మా, చూడు,” అన్నాడు మెల్లగా.

ఎక్కువైన ఉప్పు ఎట్లా తగ్గించాలో కాగితంలో లేదు. తప్పు చేస్తానని అమ్మ అనుకోలేదు కదా. ఎండదెబ్బ తిన్న గొర్రెకు ఒక్కసారిగా నీళ్ళు పట్టిస్తే పడిపోతుంది, కొంచెం కొంచెంగా పట్టాలి. ఆ లెక్కనే చేశాను. రెండు చెంబులు తీసి రెండు చెంబుల మంచినీళ్ళు పోయడం, గంట ఆగి మళ్ళీ రెండు. ఓట్లు జరిగిన రోజు కూడా అదే పని. బయట జీపులు తిరుగుతూనే ఉన్నాయి. మామ మధ్యమధ్య కిటికీ దగ్గరికి వచ్చి “ఉండాదా?” అని అడిగి పోయేవాడు. నాలుగో రోజున పువ్వు నాలుగు వేళ్ళు బయటపెట్టింది. చిన్న చేప పోయి వాటి మధ్య దూరింది.

లెక్కింపులో ఆ సారి మా వాళ్ళు గెలిచారు. అమ్మ తిరిగి వచ్చిన రోజు గేటు బయట టపాకాయలు కాలుస్తున్నారు. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా తొట్టి దగ్గరికి వచ్చింది.

“ఇంకోటి యాడుండాది?”

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మామ అందుకున్నాడు. “కరెంటు పోయిందమ్మా, ఓట్ల గొడవలో. పొద్దంతా రాల్యా. ఈ పిల్ల చెంబుతో పోసీ పోసీ చేతులు పడిపోయినాయి. ఏం చేస్తాది పాపం.”

మంచి అబద్ధం. నమ్మదగిందే. అమ్మ నమ్మింది కూడా, నా చేతుల వైపు చూసింది. ఆ చూపుకే నేను ఆగలేకపోయాను.

“మామ నా కోసరం చెప్తాండాడమ్మా. కరెంటు పోల్యా. తగ్గినదానికి డ్రమ్ము నీళ్ళు పోసినా. నాకు సదువు రాదు. ఆ పొద్దు వచ్చునని అబద్ధం చెప్పినా.”

మామ గడప దిగి వెళ్ళిపోయాడు. టపాకాయల మోత వినబడకుండా అమ్మ కిటికీ మూసింది.

“నా మొగుడు యాడ పండుకుంటాడో నాకు చెప్పరు,” అంది తర్వాత. “ఎవురొస్తాండారో చెప్పరు, ఎవురు పోయినారో చెప్పరు. నేను బయపడతానని. నువ్వు గూడ చెప్పకపోతే ఎట్లమే?”

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

“పనిలోంచి తీసేస్తావామ్మా?”

“పనేం చేసింది? వంట చేసుకో. తొట్టి కాడికి మాత్రం రావద్దు. ఆ కాయితం నీ అంతకు నువ్వు చదివిన్నాడు రా.”

కాగితం మళ్ళీ గోడకు ఎక్కింది. వంటింటి గడప దగ్గర నిలబడితే తొట్టిలో సగం కనిపించేది, పువ్వు ఉన్న వైపు కాదు. చేప మేతకు పైకి వచ్చినప్పుడు ఒక నారింజ మెరుపు కనపడి పోయేది. కరెంటు పోయినప్పుడు కాపలా వాళ్ళు వచ్చి నీళ్ళు పోస్తుంటే ఆ ధార చప్పుడు వింటూ పప్పు రుబ్బేదాన్ని. భర్త పోయాక ఆ ఇంట్లో నాకు ఇష్టంగా దొరికిన చోటు ఆ తొట్టి ముందొక్కటే. అక్కడికే పోకూడదయింది.

వారం తర్వాత మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ సుద్దముక్క తెచ్చి వంటింటి ఎర్ర గచ్చు మీద ‘త’ రాసి, “దిద్దు,” అంది. అందరికీ ముందు ‘అ’ వస్తుంది, నాకు ‘త’ వచ్చింది. తర్వాత ‘గ’. కాగితంలోని అక్షరాలే, కాకపోతే కాగితంలో ఉన్న వరుసలో కాదు, ముందు ఏడో వరుస, తర్వాత మిగిలినవి. వేళ్ళు చీపురుకూ రోకలికీ అలవాటైనవి, సుద్దముక్క రోజుకు రెండు విరిగేవి. ఒత్తులు నన్ను బాగా ఏడిపించాయి. మామ గుమ్మం దగ్గర కూర్చుని తప్పులు చెప్పేవాడు, అందులో సగం ఆయనవే తప్పులు.

“మూడో తరగతి ఎన్ని తూర్లు సదివినావు మామా?” అని అమ్మ అడిగితే, “అయివారు మార్నప్పుడల్లా సదివినా,” అనేవాడు.

అక్షరాలు పట్టుబడుతున్నకొద్దీ ఊరు మారిపోయింది. బజారుకు పోతే అంగళ్ళ పేర్లు నా మీదికి వచ్చేవి. గోడల మీద ఓట్ల రాతలు, సగం చెరిపి మీద మళ్ళీ రాసినవి, నిలబడి చదివేదాన్ని. జమ్మలమడుగు బస్సు బోర్డును పొడవు చూసి కాకుండా చదివి గుర్తుపట్టిన రోజు, ఎక్కాల్సిన పని లేకపోయినా అది కదిలేదాకా అక్కడే ఉన్నాను.

ఆ లోపల ఒంటరిగా మిగిలిన చేప పెరిగింది. గడప దగ్గర నుంచి చూసినా తెలిసేది. పట్టీలు వెడల్పయ్యాయి, ఒళ్ళు నిండింది. “మొగుడు పోయినాక పెండ్లాం బలిసింది,” అన్నాడు మామ, అని వెంటనే నా వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. నేను నవ్వాను. ఆ మాటకు నవ్వగలనని అంతవరకు నాకే తెలియదు.

వానలు ముగిసే రోజుల్లో ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కుని అమ్మ దగ్గరికి పోయి చదువుతానన్నాను. ఇద్దరం తొట్టి ముందు నిలబడ్డాం. అప్పటికి కాగితం చివర్లు ముడుచుకుని, తడిసినచోట సిరా పాకింది. పద్నాలుగు వరుసలు చదివాను. మిషను గురించిన చోట ఒక మాట దగ్గర ఆగిపోయాను. అమ్మ అందించలేదు, ఎదురుచూసింది. కూడబలుక్కుని దాటాను. ఏడో వరుసను కింది గీత మీద వేలు పెట్టి ఆపకుండా చదివాను.

అయిపోయాక ఆమె బాగుందనలేదు. కిటికీలో ఉన్న మంచినీళ్ళ చెంబు తీసి నా చేతికి ఇచ్చింది.

“వేలెడు తగ్గినాయి, పొయ్యి. నేను కొంచేపు పండుకుంటా.”

ఆ ఇంట్లో ఆమె పగలు పడుకోవడం నేను చూడలేదు. గేటు చప్పుడైనా ఫోను మోగినా లేచి నిలబడే మనిషి. ఆ రోజు తొట్టి పక్కనే చాప పరుచుకుని, కొంగు మొహం మీద వేసుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. నేను చప్పుడు రాకుండా చెంబును నీళ్ళ అంచుకు ఆనించి పోశాను. రెండుసార్లు గేటు తెరిచిన మోత వచ్చింది. ఆమె లేవలేదు.